తలుపు వెనక మేకు

“ఖుర్షీద్ నోటికి తాళం లేదు, కోపానికి గడియ లేదు” అనేది మా అమ్మ నా గురించి. ఆమె మాట నిజమని నాకు తెలియడానికి గురుబసమ్మ అవ్వ ప్రాణం కావలసి వచ్చింది.

1978లో సంగతి. అవ్వ కొడుకు భీమప్ప సేడం వైపు నుంచి తాండూరుకు బండల పనికి వచ్చాడు. కన్నడం మాట్లాడే లింగాయతులు. భీమప్ప భార్య శంకరమ్మ కాన్పుకు పుట్టింటికి పోతూ, పక్షవాతంతో మాట పడిపోయిన అత్తను జీతానికి కుదిరిన నాకు అప్పగించింది. పక్కింటి భాగమ్మ వండి ఇస్తే నేను తినిపించాలి, ఒళ్లు కడగాలి, బట్టలు మార్చాలి. శంకరమ్మ వంద జాగ్రత్తలు చెప్పి, ఒక్కటి చెప్పలేదు. చెప్పాలని తోచి ఉండదు. ఊపిరి పీల్చుకోమని ఎవరైనా చెబుతారా?

రెండు రోజులు అవ్వ నా చేత్తో జొన్నగటక తిన్నది. మూడో రోజు పొద్దున పక్క తడిపింది. కడగబోతే మెడలో దారానికి, లోపల లింగం ఉంచుకునే వెండి లింగకాయ కనిపించింది. మేము తాయెత్తు తీయకుండా పాయిఖానాకు పోము. దేవుడిది మైలలో ఉండకూడదు. ఇదీ అలాంటిదే అనుకుని, భక్తిగా తీసి తుడిచి తలుపు వెనక మేకుకు తగిలించాను. పక్క రోజూ తడిచేదే కదా, లేచి తిరిగేదాకా అక్కడే ఉండనీ అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మధ్యాహ్నం నుంచి అవ్వ నోరు తెరవలేదు. నీళ్లు కూడా ముట్టలేదు. భీమప్ప పిలుచుకొచ్చిన డాక్టరు వయసు అయిపోయిందన్నాడు.

మర్నాడు భాగమ్మ గడపలో నిలబడి, “తురకామె చెయ్యి అని ముసల్దానికి గిప్పుడు ఎర్కయిందేమో” అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏమవ్వా, నిన్ను కడగనీకి నా చెయ్యి పనికొస్తది, బువ్వ పెట్టనీకి పనికిరాదా?” అన్నాను.

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడే ఎడమ చెయ్యి ఎత్తి తలుపు చూపించింది. మళ్లీ చూపించింది. మళ్లీ.

నన్ను పొమ్మంటోంది అనుకున్నాను.

“పోత తియ్. నువ్వు లేకుంటే నాకు బతుకు లేదా?” అని గిన్నె అక్కడే పెట్టాను. భాగమ్మతో ఒక మాట చెప్పి, వికారాబాదులో మా అక్క ఇంటికి రైలెక్కాను.

మూడో నాటికి కోపం దిగింది. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. అవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. వాళ్లు అలాగే కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి సాగనంపుతారు. ఆ లింగమే లేదు. పెట్టెలు, మూటలు అన్నీ విప్పి వెతుకుతున్నారు.

“దుప్పటి కప్పి ఉండె, నేను సూడకపోతి ఖుర్షీదక్కా,” అని భీమప్ప ఏడుస్తున్నాడు. “లింగం మెడల లేకుంటే మా అమ్మ గుక్కెడు నీళ్లు గూడ తాగదు.”

బార్లా తెరిచి ఉన్న తలుపును మెల్లగా మూశాను. మేకుకు లింగకాయ వేలాడుతోంది.

“గీడ ఎవరు పెట్టిన్రు?” అన్నాడు భీమప్ప.

“నేనే.”

భీమప్ప లింగకాయ తీసి దారం చేతికి చుట్టుకున్నాడు.

“మరి అమ్మ నీకు సూపియ్యలేదా అక్కా?”

“సూపిచ్చింది తమ్మీ,” అన్నాను. “మూడుసార్లు సూపిచ్చింది.”