కూర్చుంటే వచ్చే నొప్పి

"పనిచేస్తుంటే తగ్గిపోయే నొప్పి కూడా ఒక నొప్పేనా?" అంటాడు మా ఆయన. అడిగి, నవ్వి, ఇస్త్రీకి షర్టు నా చేతికిస్తాడు. ఆ తగ్గడం మాత్రం నిజమే. పొద్దున కళ్ళు తెరిచేసరికి నడుము కింద, పిరుదుల వెనక ఎవరో మేకులు దిగ్గొట్టి మంచానికి బిగించినట్టుంటుంది. పక్కకి దొర్లి, పళ్ళు బిగించి లేస్తాను. ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, పిల్లల డబ్బాలు సర్దేసరికి నడుము కాస్త వదులవుతుంది. ఆయన వంటింట్లోకి వచ్చే టైముకి నేను చకచకా తిరుగుతూ కనిపిస్తాను. మంచం మీద బిగుసుకుపోయిన నన్ను ఆయన ఏనాడూ చూడలేదు. అప్పుడాయన గురక పెడుతుంటాడు.

ఆఫీసులోనూ ఇదే వరస. టికెట్ల కౌంటరు వెనక కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు, లేవాలంటే ప్రాణం పోతుంది. అందుకని మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేస్తాను. "మేడంకి కాలు ఒకచోట నిలవదు" అని మా సూపర్‌వైజరు జోకు. క్యూలో నిలబడ్డవాళ్ళు కూడా నవ్వుతారు. ఇంటికొస్తే అత్తగారితో పోటీ. వీపు వంగిపోయినా ఆవిడ బట్టలు మడతపెడుతూ, గుమ్మాలు తుడుస్తూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. నేను ఉస్సురంటే, "ఈ కాలం వాళ్ళవి గాజు నడుములమ్మా" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట చూసిన డాక్టరు తీయించిన ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలాక ఉన్న కాస్త పరువూ పోయింది. ఆ ఫిల్ముని ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూసి, "లక్షణంగా ఉన్నాయి ఎముకలు" అన్నాడు మా ఆయన, తనే డాక్టరైనట్టు. ఇంకో డాక్టరుకి చూపించుకుంటానని నేను మొండికేశాను. చివరికి ఆయనే దిగొచ్చి, "సరే, ఈసారి స్కాన్‌లో ఏదైనా తేలితే ఇంటిపనికి మనిషిని పెడదాం. తేలకపోతే మాత్రం ఈ నడుము గోల మళ్ళీ నా చెవిన పడకూడదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెళ్ళాను.

ఎమ్మారై గదిలో టెక్నీషియన్ అమ్మాయి నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, "అరగంట కదలకూడదండీ, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది" అంది. పెళ్ళయ్యాక నన్ను కదలొద్దన్న మొదటి మనిషి ఆ అమ్మాయే. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి ఏడుపొచ్చింది, కదలకుండా పడుకోవడమే కదా నా ఒంటికి గిట్టనిది. మిషను డబడబా మోగుతుంటే ఒక్కటే కోరుకున్నాను, ఏదో ఒకటి కనబడాలని. జబ్బు ఉండాలని ఇంతగా మొక్కుకునే ఆడదాన్ని ఇంకొకరిని నేనెరగను.

కనబడింది. డాక్టరుగారు తెరమీద వేలు పెట్టి నాకూ, పక్కనే కూర్చున్న మా ఆయనకీ చూపించారు. వెన్నెముక అడుగున, కటి ఎముకతో కలిసేచోట, అటొకటి ఇటొకటి రెండు కీళ్ళు. వాటి పక్కన ఎముక తెల్లగా మెరుస్తోంది. "ఇదంతా వాపు. ఎక్స్‌రేకి తొందరగా దొరకదు. కాన్పు తర్వాత కొన్నాళ్ళు ఇలాగే తెల్లగా కనిపించొచ్చు గానీ, మీ చిన్నపాపకి పదకొండేళ్ళంటున్నారుగా, ఇది అది కాదు. పడుకుంటే ఎక్కువై, తిరుగుతుంటే తగ్గుతుంది కదూ?" అన్నారావిడ. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళూ నా మీద నేరం మోపిన ముక్కని ఆవిడ జబ్బు లక్షణమని చెబుతున్నారు. మందులు రాసి, "రోజూ వ్యాయామం, నడక తప్పనిసరి. కదులుతూ ఉండాలి, మంచానికి అంటుకుపోకూడదు" అన్నారు, నాతో కాదు, మా ఆయనతో. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వాళ్ళమ్మకి చెప్పాడు. "జబ్బు నిజమేనట అమ్మా. కానీ పని మానకూడదట, పనే మందట!"

"పని అనలేదండీ, వ్యాయామం అన్నారు."

"రెండూ కదలడమేగా?"

"మరి మనిషిని పెడదామన్నారు?"

"మనిషిని పెడితే నువ్వు కూర్చుంటావు. కూర్చుంటే ముదురుతుందని డాక్టరే చెప్పింది. నీ మంచికే చెబుతున్నా."

అందులో వెటకారం లేదు. ప్రేమగానే అన్నాడు. ఏమీ లేదన్నప్పుడూ ఈ చాకిరీయే, ఉందన్నప్పుడూ ఈ చాకిరీయే. ఇంక ఏ మిషను కింద పడుకుని ఏం నిరూపించుకోను? వంటింట్లోకి పోయి టీ కప్పులు కడుగుతూ నిలబడ్డాను.

అత్తగారు వచ్చి పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగారు. "పొద్దున లేచేటప్పుడు బిగుసుకుపోతుందా?"

"అవునత్తయ్యా."

"కూర్చుంటే సలుపు, తిరుగుతుంటే సర్దుకుంటుంది. అంతేనా?"

"మీకెలా తెలుసు?"

"నీ వయసు రాకముందునుంచీ నాకంతే. మీ మామగారికి చెబితే, ఇంత పని చేస్తున్నావు, నొప్పెక్కడే అనేవారు. చెప్పడం మానేశాను. కూర్చోలేక తిరుగుతుంటే పనిమంతురాలన్నారు. పోనీ, అదీ బాగానే ఉందనుకున్నాను." ఆవిడ చెయ్యి వెనక్కిపోయి వంగిన వీపుని తడిమింది. "ఇదీ దానివల్లేనంటావా?"

కడుగుతున్న కప్పు పక్కన పెట్టేశాను. ఆవిడ మీద ఇన్నేళ్ళు మండిన ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడింది. తడి చేతులతోనే ముందు గదిలోకి వెళ్ళాను. "ఏమండీ, అత్తయ్యకి కూడా స్కాన్ తీయించాలి."

ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "అమ్మకి జబ్బేంటి నీ మొహం! ఒక్క క్షణమైనా అమ్మ కూర్చోగా చూశావా?"

అత్తగారు నా వెనకే వచ్చారు. కొడుకు పొగిడితే ఎప్పుడూ మురిసిపోయే మనిషి. నన్ను దాటుకుని మెల్లగా వెళ్ళి, కొడుకు పక్కన సోఫాలో కూర్చున్నారు. ముఖమంతా నొప్పితో ముడుచుకుపోయింది. అయినా లేవలేదు.

"ఇప్పుడు చూడరా" అన్నారు.