తీసేసిన పేర్లు

ఆఫీసుల గంట మోగితే అందరూ చప్పట్లు కొడ్తరు. పూలి మాత్రం తలొంచుకొని కీబోర్డు దిక్కే చూస్తది.

ఇత్తడి గంట అది. కంపెనీ ఓనరు ప్రభాకర్ సార్ ఎక్కడ్నో మూతబడ్డ బడిల నుంచి కొనుక్కొచ్చి గోడకు తగిలించిండు. కొత్త ఆర్డరు వచ్చిందంటే చాలు, రూముల నుంచి బయటికొచ్చి టంగుటంగుమని కొడ్తడు. ఏడు నెలల కింద మోటర్ల దుకాణం మీద ఒక్క రూముల తొమ్మిదిమందితోని మొదలైన కంపెనీ, ఇయ్యాల రెండంతస్తులు, తొంబైమంది. పేరైతే ఇప్పటికే మూడుసార్లు మారింది. బోర్డు రాసే పెయింటరు తన రంగుడబ్బా మెట్లకిందనే ఇడిసిపెట్టి పోతున్నడు, ఎట్లాగూ మళ్ళ రావాల్సిందే కదా అని!

కంపెనీ పెరుగుడంటే ఏమనుకున్నరు? కుర్చీకి ఇద్దరు. పూలి లేస్తే టైపు కొట్టే మధులత కూసోవాలె, మధులత లేస్తే పూలి కూసోవాలె. నిన్న టైపు కొట్టిన పిల్ల ఇయ్యాల టీం లీడరు. పూలీ గట్లనే అయ్యింది. ఆమె కింద పద్దెనిమిదిమంది, అందుల సగంమంది పేర్లు ఆమెకే తెల్వయి. "ఓ ఎర్రచున్నీ, ఇటు రావమ్మా" అని పిలిచి సిగ్గుతోని సగం చచ్చిపోతది. ఏ పని అడిగినా రేపటికల్లా అంటరు. ఆ రేపు ఎప్పుడొస్తదో, ఎటు పోతదో తెల్వది. అన్నం డబ్బా మూత తీసి, తినకుండనే మళ్ళ మూసిన దినాలు ఎన్నో.

ఇంత పెరుగుడికి మూలం పూలి రాసిన ప్రోగ్రామే. గోదారి పొంగితే భద్రాచలం చుట్టుపక్కల అడవి ఊర్లోళ్ళకు బియ్యం, నూనె, టార్పాలిన్ పట్టా ఇస్తరు. ఎవలెవలకు ఇయ్యాల్నో ఆ లిస్టు కంప్యూటర్ల ఎక్కించే పని కంపెనీకి వచ్చింది. ఒకే మనిషి పేరు రెండుసార్లు ఉంటే పట్టుకొని తీసేయాలె. పేరు, తండ్రి లేకుంటే మొగని పేరు, పంచాయితీ, వయసు, ఈ నాలుగూ కలిస్తే రెండోది కొట్టేసేటట్టు పూలి మూడు దినాలల్ల రాసిపారేసింది. పదకొండు వందల నలభై ఆరు దొంగపేర్లు దొరికినయ్. ఇంకేముంది! పేపర్ల ఫోటో, సన్మానం, శాలువా. పక్క జిల్లాలోళ్ళు మాక్కావాలంటే మాక్కావాలని ఎగబడ్డరు. గంట మోగుడు అప్పుడు మొదలైంది, ఇగ ఆగలే.

ఆ శుక్రవారం పొద్దుగాల పదకొండింటికి పూలి సెల్లు మోగింది. భద్రాచలం ఎస్టీడీ బూతు నంబరు. చేసింది ముత్తక్క, పూలి తల్లికి స్వంత చెల్లె. గోదారి రెండో హెచ్చరిక దాటిందని గుంపులల్ల, అంటే అడవిల చిన్న పల్లెలల్ల, ఉండే జనాన్నంతా తీసుకొచ్చి భద్రాచలంల ఆ బూతు పక్క బడిల ఉంచిన్రు.

"బిడ్డా, బియ్యం ఇయ్యలే" అన్నది ముత్తక్క కోయభాషల. "లిస్టుల నా పేరు లేదంట. ముత్తక్క ఒక్కతే ఉన్నది, ఆమె తీస్కపోయింది, నీది దొంగపేరు అంటున్నరు. మీ బాబాయికి జెరం. నిన్నటి సంది ఆ ఇంటామె ఈ ఇంటామె పెట్టిందే తిన్నం. నువ్వు కంప్యూటర్ల పని చేస్తవు కదా. నేను ఉన్ననో లేనో జెర చూసి చెప్పు."

పూలి "చూసి చెప్త చిన్నమ్మా" అని పెట్టేసింది.

తీసేసిన పేర్ల ఫైలు ఇన్నొద్దులల్ల ఆమె ఒక్కసారి తెరవలే. తెరిచేటంత తీరిక ఎవలకున్నది? లెక్క చెప్పుకున్నరు, చప్పట్లు కొట్టుకున్నరు, అంతే. ఇప్పుడు తెరిచింది. తన పంచాయితీవే ముప్పై ఒక్క పేర్లు. సోడె ముత్తక్క, మొగడు రాములు, వయసు నలభై అయిదు. ఆ మనిషి ఒళ్ళోనే పూలి పెరిగింది. ఇంకో నాలుగు వరుసలు కిందికి పోతే సోడె పూలి, తండ్రి రాములు, వయసు ఇరవై మూడు. ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళ చదివింది.

భద్రాద్రి రాముని చెంత బతికేటోళ్ళు కొడుక్కు రాములు అని పెట్టక ఏం పెడ్తరు? గుంపుకు గుంపే ఒక ఇంటిపేరు. పుట్టినతేదీ ఎవలకు ఎరుక, రాసేటోడు మొఖం చూసి ముప్పై అయిదో నలభై అయిదో వేస్కపోతడు. రాళ్ళగుంపు, చింతలగుంపు రెండూ ఒకే పంచాయితీ. రాళ్ళగుంపుల ఒక ముత్తక్క, చింతలగుంపుల ఒక ముత్తక్క. పూలీలు గూడ గట్లనే గుంపుకొక్కరు. ఆశ్రమ బడిల పంతులు ఒకటో పూలి, రెండో పూలి అని పిలుస్తుండె. ఊర్ల ఎవలూ ఎన్నడూ తికమక పడలే.

ఊర్ల నుంచి వచ్చిన కాయితం మీద 'గుర్తు' అని ఒక గడి ఉండె. రాళ్ళగుంపు, చింతలగుంపు, పెద్దామె, చిన్నామె అని అందుల రాసి ఉండె. టైపు కొట్టే పిల్లలు దాన్ని తలా ఒక తీరు కొడ్తున్నరు, పని సాగుతలేదని ఆ గడి తీసేపిచ్చింది పూలే. హైదరాబాదోడు చేస్తే తెల్వక చేసిండనుకోవచ్చు. నాకేం రోగం, నాకు ఎరుక లేదా అని ఆమె లోపల్లోపలే కుమిలిపోయింది.

ఉరికినట్టే సార్ రూముకు పోయి అంతా చెప్పింది. ప్రభాకర్ సార్ అద్దాలు తీసి తుడిచిండు, పెట్టుకున్నడు, మళ్ళ తీసిండు.

"గిప్పుడా చెప్పేది పూలీ? మూడింటికి హైదరాబాద్ నుంచి పెట్టుబడి పెట్టేటోళ్ళొస్తున్నరు. వరద సాయం చూసే సర్కారు పెద్దాఫీసరొస్తున్నడు. వాళ్ళు చూడనీకొచ్చేదే ఈ దొంగపేర్ల ముచ్చట. రెండ్రోజులు ఆగు. సోమవారం సప్పుడు చేయకుండ మనమే సరిచేద్దాం."

"రెండ్రోజులు వాళ్ళేం తింటరు సార్?"

"తొంబైమంది ఇండ్లు నా నెత్తిమీదున్నయమ్మా!" సార్ పైకి చేయి చూపిచ్చిండు. "పై అంతస్తు కిరాయికి తీసుకున్న. అంతా పోతది. సోమవారం ఖాయంగ చేద్దాం, నా మాట నమ్ము. నువ్వే కూసోని చూపియ్యాలె, అశ్వాపురం లిస్టు తెరువు, దాంట్ల తిరకాసులు తక్కువ."

పూలి వచ్చి కుర్చీల కూలబడ్డది. మధులత పక్కన నిలబడి, "ఏందక్కా, మొఖం గట్లయ్యింది? జెరమా?" అని నుదురు పట్టుకొని చూసింది. మధులత నాయన బొగ్గుబాయిల పనిచేసి చేసి, ఇప్పుడు నాలుగడుగులేస్తే దగ్గుతోని వంగిపోతడు. ఈ నౌకరి పిల్లకు పెట్టిచ్చింది పూలే. నోరు తెరిస్తే ఈ పిల్ల బతుకు ఏంగాను? తెరవకపోతే చిన్నమ్మ ఇంకా రెండు దినాలు ఆ బడిల ఎవల మొఖమన్నా చూసుకుంట కూసోవాలె. గోడ గడియారం వైపు చూసింది, పన్నెండు. మళ్ళ చూసింది, పన్నెండుం పావు. దేవుడా, ఆ మూడు ఎన్నడూ కాకుంటే బాగుండు అనుకున్నది.

కాక ఆగుతదా? అయింది. వచ్చినోళ్ళు ఆరుగురు. పెద్దాఫీసరు ముందట కుర్చీల కూసున్నడు. ప్రభాకర్ సార్ నవ్వుకుంట, "మా పూలి, ఇక్కడి గిరిజన బిడ్డ, ఈమే రాసింది" అని పరిచయం చేసిండు. గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద కంప్యూటరు బొమ్మ పడ్డది.

పూలి మౌసు పట్టుకున్నది. అశ్వాపురం లిస్టు మీదికి బాణం గుర్తు పోయింది. ఒక్క నిమిషం ఆన్నే ఆగింది. అటెన్క తన పంచాయితీ లిస్టు తెరిచి బటన్ నొక్కింది. గోడ మీద ముప్పై ఒక్క వరుసలు ఎర్రబడ్డయ్.

"భేష్! మచ్చుకు ఒక్కటి విడిగ చూపియ్యమ్మా" అన్నడు ఆఫీసరు.

పూలి ఒక్క పేరు పెద్దగ చేసి చూపిచ్చింది. సోడె పూలి, తండ్రి రాములు, ఇరవై మూడు. రద్దు.

"అయితే ఇది దొంగపేరన్నట్టు."

"కాదు సార్. నేనే." మెడల ఐడీ కార్డు తీసి ఆయన ముందట పెట్టింది. "నేనూ ఉన్న, చింతలగుంపుల ఇంకో పూలీ ఉన్నది. వీళ్ళల్ల మస్తుమంది నిజం మనుషులే సార్. తప్పు నాదే. మా చిన్నమ్మ బియ్యం దొరకక భద్రాచలం బడిల కూసున్నది."

ప్రభాకర్ సార్ గోడ దిక్కు తిరిగిండు. ఆఫీసరు కార్డు మీద పేరు చూసిండు, గోడ మీది పేరు చూసిండు, లేచి కిటికీ కాడికి పోయి ఫోన్ చేసిండు. "ఆ లిస్టు పక్కన పెట్టుర్రి. పాత కాయితాలు చూసి అందరికీ ఇయ్యుర్రి. అవ్, ఇప్పుడే." హైదరాబాదోళ్ళు బ్యాగుల జిప్పులు మూసుకున్నరు. వాళ్ళను సాగనంపనీకి సార్ మెట్లదాక గూడ పోలే.

"తొంబైమందికి నువ్వే చెప్పుకో పూలీ" అన్నడు మెల్లగ. కోపమన్నా చేస్తే బాగుండు అనిపిచ్చింది ఆమెకు. తలుపు కాడ మధులత నిలబడి ఉన్నది, అంతా ఇన్నది. పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది.

పూలి కిందికి దిగింది. మెట్లకింద రంగుడబ్బా పక్కన నిలబడి పొద్దటి బూతు నంబరుకు ఫోన్ కలిపింది.

"అన్నా, బడిల ముత్తక్క అని ఒకామె ఉంటది, జెర పిలుస్తవా?"

"ఏ ముత్తక్క చెల్లే?" అన్నడు బూతాయన. "ఈడ ఇద్దరున్నరు."

ఏడు నెలల సంది తొంబైమందిల ఒక్కలు అడగని మాట అది. పూలికి దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.

"ఇద్దర్నీ పిలువన్నా" అన్నది.