తియ్యటి గోడ

"అమ్మమ్మా, ఈ గోడ తియ్యగా ఉంది!"

మూడేళ్ల చిట్టి నాలుక చప్పరిస్తూ ఆ మాట అనేసరికి కొలిమి దగ్గర పనిచేసే పెద్దమ్మ పిల్లని గోడ దగ్గర్నించి లాగేసింది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఫ్యాక్టరీ అది. పని దిగే వేళకి పెదాల మీద పేరుకునే ఆ తీపి అక్కడి వాళ్లందరికీ తెలుసు. చిట్టి తల్లిని కాటికి పంపింది ఆ తీపే. ఇక పెద్దమ్మకి మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

కార్మికుల పిల్లలు ఆడుకునే ఆ గదిని మేనేజరు మొన్న మొన్ననే రిబ్బను కత్తిరించి తెరిచాడు. సీసం తీశాక కొలిమిలో మిగిలే నల్లటి చిట్టెంతో చేసిన ఇటుకలతో కట్టారు దాన్ని. "చెత్తలోంచి సంపద!" అని ఆయన గొంతు చించుకుంటే అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కూడా కొట్టింది. ఇప్పుడు వానకి గోడ చెమ్మెక్కి తెల్లటి పొడి రాలుతోంది. చిట్టి తిన్నదంతా కక్కేస్తోంది.

పిల్లని పక్కింటావిడతో ఆస్పత్రికి పంపి, పెద్దమ్మ తిన్నగా ల్యాబుకి వెళ్లింది. ఆ ఇటుకలు కనిపెట్టిన ల్యాబు మేడం, సంగతి విని గది తలుపు మూసింది.

"నా పద్ధతిలో చిట్టెం ముందు కడగాలి పెద్దమ్మా. ఆ నీళ్లు కూడా శుద్ధి చెయ్యాలి. తర్వాత ఇటుక గాజులా బిగిసేదాకా కాల్చాలి. అప్పుడే విషం బయటికి రాదు. వీళ్లు కడగలేదు, సరిగ్గా కాల్చలేదు. అడిగితే నోరు మూసుకోమన్నారు."

"మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

"అయితే ఇప్పుడు తెరువు. పద."

పెద్దమ్మ పిలుపుకి క్యాంటీను షెడ్డు కార్మికులతో కిక్కిరిసింది. లోడింగు మేస్త్రీ బల్ల ఎక్కి అరిచాడు.

"గొడవ చేస్తే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది! మా పొట్ట కొట్టకు పెద్దమ్మా!"

"పొట్ట కొడుతున్నది నేనట్రా? పసిపిల్లల నోట్లో సీసం పెడుతున్నారు వాళ్లు. గోడ తియ్యగా ఉందంది నా మనవరాలు!"

ఎవరికీ ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. మేస్త్రీ బల్ల దిగాడు. అతని కవలలు కూడా ఆ గదిలోనే ఆడుకుంటారు.

"గడ్డపారలు తీయండి," అన్నాడు.

పిల్లల్ని బయటికి తెచ్చి, ముక్కులకి గుడ్డలు కట్టుకుని, ఆ గోడలు కట్టిన చేతులే వాటిని కూల్చాయి. ఇటుకలన్నీ తట్టల్లో మోసి గేటు ముందు పోశారు. మేనేజరు కారు ఆగిపోయింది.

"అంత మంచివైతే నీ ఆఫీసుకి పెట్టుకో! మా పిల్లలందరికీ నెత్తురు పరీక్షలు చేయించు, వైద్యం చేయించు! అప్పటిదాకా కొలిమి వెలగదు!" అని కేకేసింది పెద్దమ్మ.

పెద్దమ్మ ఓ ఇటుక తీసి కారు అద్దం దగ్గరికి తెచ్చింది. మేనేజరు సీటులో వెనక్కి నక్కాడు.

"దూరం! దాన్ని దూరంగా పెట్టు!"

"విన్నారా? మన పిల్లలకి దగ్గరట, దొరగారికి మాత్రం దూరమట!"

జనం నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు. అంతలోనే పోలీసు బళ్లు వచ్చి పడ్డాయి. లాఠీ దెబ్బకి మేస్త్రీ తల పగిలింది. కంపెనీ ఆస్తి ధ్వంసం చేశారంటూ పెద్దమ్మనీ, మేడాన్నీ ఈడ్చుకుపోయారు. గేటు దగ్గర మాత్రం ఒక్కరూ కదల్లేదు.

స్టేషన్లో కాపలా ఉన్న కానిస్టేబులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నిజంగా విషమేనా మేడం? మా క్వార్టర్లు కట్టింది కూడా ఆ ఇటుకలతోనే."

"నిజమే. ముందు మీ పిల్లల్ని బయటికి తెచ్చెయ్యండి."

అతను ఫోను తీసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. అతని వెనకే మరో ఇద్దరు.

పెద్దమ్మకి చిట్టి ఎలా ఉందో చెప్పేవాళ్లు లేరు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఇనస్పెక్టరు ఫోను మోగింది.

"ఏంటి, గుంపు పెరిగిందా? ఆడవాళ్లా? ఎవరి ఆడవాళ్లయితే ఏంటి, చెదరగొట్టండి!" అని అరిచాడు. అవతలి మాట విని గొంతు తగ్గించాడు. "మన క్వార్టర్ల వాళ్లా?"

ఫోను పెట్టేసి, లాఠీలు తీసుకుని బండెక్కమన్నాడు.

ఒక్క కానిస్టేబులు కూడా లేవలేదు.