బిడ్డను మాత్రమే తూచే తక్కెడ

చిత్తూరు బెల్లం మండీ వీధిలో శుక్రవారం ఉదయం ఎప్పుడూ ఒకే వరుసలో నడిచేది. వసంతమ్మ వాకిలి కడిగి, బెల్లం అచ్చుల మీది గోనెపట్టా తీసేది. ఆమె కొడుకు ధనశేఖర్ లారీ దింపించేవాడు. ఆ తరువాత కడుపుతో ఉన్న కోడలు కోమలి వచ్చి, దూలానికి వేలాడే పాత తక్కెడలో కాళ్లు ముడుచుకుని కూర్చునేది.

ఆ తక్కెడ తల్లిని తూచదు. కడుపులోని బిడ్డను మాత్రమే తూస్తుంది. వసంతమ్మ అత్తగారి కాలం నుంచీ అంతే. వీధిలో ఎవరికీ అదొక విశేషం కాదు. గొలుసులకు నూనె పెట్టారా లేదా అన్నదే వాళ్లు అడిగేది.

కోమలికి మాత్రం అది పెద్ద సంగతే. ఊహ తెలిసిన నాటి నుంచి ప్రతి తూకమూ ఆమెను తలదించుకునేలా చేసింది. కడుపు నిలిచేనాటికి ఆమె తొంభై ఆరు కిలోలు. ఆమె బరువు అడగని మొదటి తక్కెడ ఇదే.

డాక్టర్ అమల మొదటి రోజే నిదానంగా చెప్పింది: ఈ బరువుతో మొదలైనవాళ్లు నెలలు నిండేసరికి ఐదు నుంచి తొమ్మిది కిలోలు పెరిగితే చాలు, అలాగని పస్తులుండి తగ్గకూడదు. వసంతమ్మ తల ఊపింది గాని నమ్మలేదు. కడుపుతో ఉన్న మనిషి ఇద్దరి తిండి తినాలనీ, మూడు పూటలా కంచంలో బెల్లం గడ్డ ఉండాలనీ ఆమె పట్టుదల. ఐదో నెల ఒక్కదానిలోనే కోమలి మూడు కిలోలు పెరిగిందని ఆసుపత్రిలో తేలింది. ఆ నెలాఖరు శుక్రవారం ఎదుటి పళ్లెంలో గుప్పెడు బెల్లం వేయగానే ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచిపోయింది. వసంతమ్మ ఇంకో గుప్పెడు వేసి చూసి, తీసేసింది.

"ఏందిమ్మే, నేను పెట్టిందంతా యాడికి పోయినాది?"

"యాడికి పోతాదత్తా, నా కాడే ఉండాది."

వసంతమ్మ నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. మరునాటి నుంచి కంచంలో బెల్లం గడ్డ మాయమైంది, సంగటి ముద్ద సగమైంది. ఆకుకూర పప్పు, గుడ్డు, మజ్జిగ పెరిగాయి. సాయంత్రాలు అత్తాకోడళ్లు మూసిన మండీల ముందు అరగంట నడిచేవాళ్లు. బెల్లం మండీ ఇంట్లోనే బెల్లం కరువంట అని పక్క మండీ మునిరామయ్య ఎగతాళి చేస్తే, వసంతమ్మ అతని బొజ్జ వైపు చూసి, "నీకెన్ని నెలలప్పా?" అని అడిగింది.

ఎనిమిదో నెలలో ఒక గురువారం, ధనశేఖర్ కొనితెచ్చిన బరువు మిషన్ వారంలోనే రెండు కిలోలు ఎక్కువ చూపింది. వేలికి ఉంగరం బిగిసింది. ఉదయం నుంచి తలనొప్పి. కోమలి ఎవరికీ చెప్పలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లవలసింది సోమవారం. అప్పటిదాకా జావ తాగి గడిపితే ఆ రెండు కిలోలూ పోతాయనీ, మాట పడే పని ఉండదనీ అనుకుంది.

శుక్రవారం తక్కెడలో కూర్చుంది. కిందటి వారపు బెల్లమే సరిపోయింది. చిటికెడు కూడా అదనంగా పట్టలేదు. వసంతమ్మ ముల్లును చాలాసేపు చూసి, మిషన్ ఎంత చూపిందని అడిగింది.

"రెండు కిలోలు పెరిగినానత్తా. ఎక్కువేమీ తినలేదు. చెప్తే ఎవురు నమ్ముతారు?"

"నీ కంచంలో వడ్డించేది నేను గదమ్మే. నువ్వు తినలే. బిడ్డకీ చేరలే. మరి ఈ బరువు ఎవురిది? లెయ్యి, పోదాం."

ఆసుపత్రిలో రక్తపోటు చూసి అమల ముఖం మారింది. అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. సోమవారం దాకా ఆగి ఉంటే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమేనని చెప్పి, అప్పటికప్పుడే తిరుపతికి పంపింది. అక్కడ మూడు వారాలు మందులతో, కనిపెట్టుకుని ఉన్న నర్సులతో గడిచాక ఆడబిడ్డ పుట్టింది. చిన్నదే గాని, ఏడుపు వరండా చివరిదాకా వినిపించింది.

ఇంటికి వచ్చిన తొలి శుక్రవారం కోమలి అలవాటుగా తక్కెడలో కూర్చుంది. ఎదుటి పళ్లెం ఖాళీ. ముల్లు కదలలేదు. వసంతమ్మ బిడ్డను ఒడిలో పెట్టినా కదలలేదు. తన పని అయిపోయిందన్నట్టు ఉండిపోయింది. కోమలి నూనె జిడ్డున్న గొలుసుకు నుదురు ఆనించింది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వసంతమ్మ గరిటె ఎత్తి పట్టుకుంది.

"ఇంకొంచెం?"

"చాలత్తా."

వసంతమ్మ మారు అడగలేదు. గరిటె గిన్నెలో పెట్టి, మూత వేసింది.