కాసులు గుండ్రంగా రావాలంటే

కోడిగుడ్లంట! నేను చేసిన కాసుల డిజైను కుడితే కోడిగుడ్లు వరసగా పడుకోబెట్టినట్టు వస్తోందంట! పొద్దున్నే ఫోనులో ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది.

"నీ మిషను నడిపే పిల్లకు చేతగాక నా డిజైను మీదికి తోస్తాండావా అమరేశూ?" అన్నాను.

"అట్ల కాదు అంబికక్కా. కొత్త పిల్ల వచ్చినప్పట్నుంచి నీ డిజైన్లన్నీ అట్లనే వస్తాండాయి. పిల్ల తప్పేమో అని నేనూ చూసినా. ఆయమ్మ పని బాగానే ఉండాది. ఇదేమో పెండ్లి రవిక, దిబ్బూరహళ్ళి వాళ్ళది. ఇది సరిగ్గా రాకుంటే నేనింక బెంగళూరులో యాడన్నా చేయించుకుంటా. ఏమీ అనుకోవద్దు."

ఏమీ అనుకోవద్దంట. అమరేష్ నాకు మిగిలిన ఒకే ఒక్క గిరాకీ. చింతామణిలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నేను కంప్యూటరులో డిజైన్లు చేస్తాను. బాగేపల్లిలో అతని ఎంబ్రాయిడరీ మిషను వాటిని కుడుతుంది. సూది ఎక్కడ దిగాలి, ఏ పక్కకు పోవాలి, ఏ రంగు ముందు, ఏ రంగు తర్వాత, అన్నీ నేను చెబితేనే దానికి తెలుస్తాయి. అతను కూడా పోతే నా మాట వినే మిషనంటూ ఈ భూమ్మీద ఉండదు. మనుషుల సంగతి సరేసరి.

ఆ మిషను ఒకప్పుడు మాదే. మా ముందు గదిలో ఉండేది. దాన్ని మా ఆయన పురుషోత్తం నడిపేవాడు. నేను లోపల గీసేదాన్ని, ఆయన బయట కుట్టేవాడు. కొత్త డిజైను కుట్టిన ప్రతిసారీ స్యాంపలు ముక్క తెచ్చి నా కీబోర్డు మీద పెట్టి, "చూడు" అని నిలబడేవాడు. నేను దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి, వెనక దారాలు కూడా చూసి, "ఊఁ, గుండ్రంగానే ఉందిలే" అనేదాన్ని. "అట్ల రా దారికి" అని నవ్వుకుంటూ పోయేవాడు.

పోయిన కార్తీకంలో గుండెపోటుతో పోయాడు. మిషను నడపడం నాకు రాదు. అది ముందు గదిలో ఊరికే నిలబడి ఉంటే చూడలేక అమరేష్‌కు ఇచ్చేశాను. ఇప్పుడు డిజైను ఫోనులో పంపుతాను, వాళ్ళు కుట్టేసుకుంటారు. బట్ట మీద నా పని ఎట్లా వచ్చిందో నాకు కనిపించదు. మాట్లాడే మనిషి లేని ఇల్లు అలవాటైపోయిందని అడిగినవాళ్ళకల్లా చెబుతుంటాను. అబద్ధం. అలవాటు కాలేదు.

చేలూరు మీదుగా పోయే బస్సెక్కి బాగేపల్లిలో దిగాను. ఆ పిల్లను ఏమేమి అనాలో దారి పొడవునా మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను. అంగడి గడప తొక్కేసరికి లోపల మిషను దారం రంగు మారుస్తోంది. రంగు మారేటప్పుడు అది ముసలాయన దగ్గినట్టు ఒక దగ్గు దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే పేర్చుకున్న తిట్లలో సగం మర్చిపోయాను.

"రాండక్కా" అని స్టూలు జరిపింది మిషను నడిపే పిల్ల. పేరు సహన.

"కూర్చోను గానీ, నువ్వు ఫ్రేములో బట్ట ఎట్లా కడతావో కట్టి చూపించు" అన్నాను.

ఆ అమ్మాయి నూలుగుడ్డ పరిచి, కింద గట్టి కాగితం వేసి, రెంటినీ కలిపి ఫ్రేములో బిగించింది. ఫ్రేముకున్న మర తిప్పి, గుడ్డను వేలితో కొట్టి వినిపించింది.

"పలక డప్పు మాదిరి మోగాలక్కా. చిక్కబళ్ళాపురంలో ట్రైనింగులో అట్లనే నేర్పించినారు."

మోగింది. వంక పెట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. మిషను కుట్టింది. కాసులు అడ్డంగా ఉబ్బి, ఒకదాని కాలు ఒకటి తొక్కుతూ వచ్చాయి. అమరేష్ నా మొహం చూడకుండా గోడ చూస్తున్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. కుట్టేటప్పుడు దారం బట్టను లోపలికి లాగుతుంది. గుండ్రంగా గీసింది బట్ట మీద సన్నబడుతుంది. అందుకని తెర మీద కాసును కొంచెం అడ్డంగా సాగదీసి పెడతాం. తెర మీద తప్పుగా ఉంటేనే బట్ట మీద ఒప్పుగా వస్తుంది. ఎంత సాగదీయాలో దానికొక అంకె ఉంటుంది. నా అంకె పెద్దది. అది బట్ట గుణమనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. బట్ట గుణం కాదు, పురుషోత్తం చేతి గుణం. ఆయన ఏనాడూ ఫ్రేము గట్టిగా బిగించలేదు. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఈ పిల్ల రాకముందు ఇక్కడ మిషను నడిపిన కుర్రవాడూ అంతే.

ఎంత అరిచేదాన్నో! "బిగించవయ్యా, వదులుగా కడితే బట్ట లాక్కోదా?" అంటే, "నువ్వు గీసేది గీయి, నేను కట్టేది కడతా" అనేవాడు. మొండిఘటం. చెప్పి చెప్పి నోరు నొచ్చి, చివరికి నేనే కాసుల్ని ఇంకాస్త వెడల్పు చేసేదాన్ని. ఆ వెడల్పే నా చేతికి పట్టేసింది. ఆయన పోయాక కూడా నేను ఆయన కోసమే గీస్తూ ఉన్నానన్నమాట. నాకే తెలియలేదు.

"తప్పు పిల్లది కాదు, నాదే" అన్నాను. అమరేష్ గోడ మీది నుంచి చూపు తిప్పాడు. నేను తప్పు ఒప్పుకోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

అతని కంప్యూటరు ముందు కూర్చుని అంకె తగ్గించాను. కాసులు తెర మీద సన్నబడ్డాయి. మళ్ళీ కుడితే బట్ట మీద గుండ్రంగా వచ్చాయి. "ఇదక్కా పనంటే!" అన్నాడు అమరేష్. ఆ మాటకు సంతోషం కలగాలి. నాకు మాత్రం ఇంట్లోంచి ఆయన సామాను ఇంకొకటి ఎవరికో ఇచ్చేసినట్టనిపించింది.

రవిక మీద కుట్టేముందు ఆ పట్టులోనే మిగిలిన ముక్క మీద చూద్దామంది సహన. చిలకపచ్చ పట్టు. పలకలా మోగేటట్టు బిగించి కుట్టింది. కాసులు బాగానే వచ్చాయి. కానీ ఫ్రేములోంచి తీసేసరికి పట్టు మీద ఫ్రేము నొక్కిన చోట చుట్టూ తెల్లటి మచ్చ పడి ఉంది. వేలితో రుద్దింది, ఆవిరి పట్టింది, గుడ్డ కప్పి ఇస్త్రీ చేసింది. పోలేదు.

"అయ్యో దేవుడా!" అని తల పట్టుకున్నాడు అమరేష్. "వాళ్ళు పట్టుపురుగులు పెంచేవాళ్ళక్కా. వీపు మీద ఇంత మచ్చ ఉంటే వాళ్ళ కంటికి కనపడకుండా ఉంటాదా? రవిక మొగాన కొడతారు."

"గట్టిగా బిగిస్తే పట్టుకు మచ్చ పడతాది. ఎవురి పెండ్లి బట్టో ఏమో." పురుషోత్తం ఆ మాట కూడా అనేవాడు. సాకు చెబుతున్నాడని నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

"నా పాత డిజైనే, ఆ వెడల్పు కాసులదే ఎక్కించు. ఫ్రేము వదులుగా కట్టు" అన్నాను.

"వదులుగానా? పాడైపోతాదక్కా!"

"ఇంకో ముక్క తీసుకొని కట్టమ్మా, నేను చెప్తాండా కదా."

ఎంత వదులు? నేను ఏనాడూ నా చేత్తో కట్టిందాన్ని కాదు. పక్కన నిలబడి అరిచిందాన్ని. ఆ అరుపుల్నే గుర్తు చేసుకున్నాను. "వేలు పెడితే కొంచెం దిగాల. అంత కాదు. వేలు తీస్తే మళ్ళీ లేచి రావాల. ముడత మాత్రం పడగూడదు. ఆఁ, అంతే. ఇంక ముట్టుకోవద్దు." ఏ కట్టును చూసి ఇన్నేళ్ళు పోట్లాడానో ఆ కట్టునే ఏరికోరి కట్టించాను.

మిషను దగ్గింది, కుట్టింది. ఒక్కొక్క కాసూ గుండ్రంగా, పక్కదాన్ని ముట్టకుండా వచ్చి కూర్చుంది. ఫ్రేము తీస్తే పట్టు మీద మచ్చ లేదు. సహన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీకు ఇట్ల ఎవురు కడతారక్కా?"

"మా ఇంటాయన."

"ఒక దినం పిలుచుకొని రాండక్కా. పట్టు పని ఆయన దగ్గర నేర్చుకుంటా."

కొత్తగా చేరిన పిల్ల, దానికి తెలియదు. అమరేష్ తల దించుకున్నాడు. "చూద్దాంలేమ్మా" అన్నాను.

బస్టాండు దాకా అమరేషే వచ్చాడు. "బెంగళూరు మాట మర్చిపో అక్కా. ఇంక నూలుకొకటి, పట్టుకొకటి చేసి పంపు" అన్నాడు. సరేనన్నాను.

ఇంటికొచ్చి తలుపు తీసి, సంచిలోంచి ఆ పట్టు ముక్క తీసి నా కీబోర్డు మీద పెట్టాను. వంటింట్లోకి పోయి టీ పెట్టుకుని, గ్లాసుతో ఏమీ తెలియనిదానిలా వచ్చి కూర్చున్నాను. ముక్కను వెలుతురుకు పట్టి, తిప్పి, వెనక దారాలు చూశాను.

"ఊఁ, గుండ్రంగానే ఉందిలే" అన్నాను, ముందు గదికి వినబడేటట్టు. "నువ్వు చెప్పిందే సరి."

టీ చల్లారేదాకా ఎదురుచూశాను. అట్ల రా దారికి అని ఎవరూ అనలేదు.