కొట్టివేతలు లేని పేజీ

పొయ్యి మీద పాలు పొంగాయి. "నీ కళ్ళెక్కడున్నాయే" అంది అత్త హన్నమ్మ, మంచం మీంచి లేవకుండానే.

జ్ఞానమణి పొయ్యిగట్టు తుడిచింది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె పని చూడటమే. పాలు చూడాలి, ఎండబెట్టిన మిరపకాయల మీదికి కోళ్ళు రాకుండా చూడాలి, అత్త మందుల వేళ చూడాలి, మొగుడు లాజరు మొహం చూసి ఏ మాట అనొచ్చో ఏది అనకూడదో తేల్చుకోవాలి. ఒక్కటి తప్పితే కళ్ళు లేవన్నారు. తప్పకుండా చూసిన వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. అందుకే డెబ్బై ఆరులో తిరువూరు బస్టాండు దుకాణాల సంఘం కాపలా చూసేవాళ్ళు కావాలంటే, పోయేవి ఎక్కువగా ఆడవాళ్ళ సంచులే కనక ఒక ఆడమనిషినీ తీసుకుంటామంటే, ఆమె పట్టుబట్టి అడిగింది. "జీతమొస్తుందిగా, వెళ్ళు. వంట చేసి వెళ్ళు" అన్నాడు లాజరు.

బస్టాండుకు ఎదురుగా మేడ మీద గది. కిటికీకి జాలీ ఉంది కనక చూసేవాళ్ళు కిందివాళ్ళకు కనపడరు. నేర్పేది రిటైరైన హెడ్ కానిస్టేబులు వెంకటప్పయ్య. మొహాలు కాదు, చేతులు చూడమన్నాడు. టైము వేసి, చూసింది చూసినట్టు రాయమన్నాడు. పుస్తకంలో పేజీలకు తనే నెంబర్లు వేసి, ఒక్కొక్క పేజీ మీదా సంఘం ముద్ర కొట్టించాడు. "ఒక పేజీ చింపినా తెలిసిపోతుంది. ఒక లైను కొట్టేసినా ఆ పేజీ కోర్టులో చెల్లదు" అని మూడు వారాలు రోజూ చెప్పాడు.

పాలు పొంగిన ఆ రోజే పరీక్ష. ఆయన పంపిన మనిషి జనంలో కలిసి ఒక సంచి ఎత్తుకెళతాడు. వాడెవడో కనిపెట్టాలి. జ్ఞానమణి పక్కన, ఆమెతోపాటు కాపలా నేర్చుకుంటున్న ఇద్దరు మగవాళ్ళు మొహాలు వెతుకుతున్నారు. ఆమె చేతులు చూసింది.

పది గంటల తొమ్మిది నిమిషాలకు గళ్ళ చొక్కా వేసుకున్న ఒకడి చెయ్యి కనపడింది, విజయవాడ బస్సెక్కుతున్న పసుపు ఓణీ పిల్ల నడుం మీద. ఆ పిల్ల తిరిగి చూసేసరికి చెయ్యి జేబులో ఉంది. పది పన్నెండుకు ఒక చంకలో బిడ్డ, ఒక చేతిలో మూట ఉన్నామె రొమ్ము మీద. రెండు చేతులూ ఖాళీ లేని మనిషిని ఏరుకున్నాడు. పది పదిహేనుకు ఒక ముసలామె వెనక. కిందటేడు పెనుగొలను బస్సులో ఇలాంటి చెయ్యే జ్ఞానమణి మీద పడింది. ఇంటికొచ్చి చెపితే లాజరు అన్నం కలుపుతూ, "రద్దీలో తగలదా ఏంటి" అన్నాడు. ఆ పూట రెండోసారి స్నానం చేస్తుంటే, నీళ్ళన్నీ ఒంపేస్తోందని అత్త గొణిగింది.

పది ఇరవైకి అదే గళ్ళ చొక్కా బెంచీ కింద సంచి ఎత్తింది. నాలుగూ రాసింది.

మగవాళ్ళిద్దరూ తప్పారు. వెంకటప్పయ్య ఆమె పేజీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతలో మెట్లెక్కి వచ్చింది గళ్ళ చొక్కా, ఆయన పంపిన మనిషి. అంకారావు. వాడి తలనూనె వాసన గదంతా పట్టింది.

"పట్టిందెవరు, బాబాయ్?"

"ఈవిడే." ఆయన పుస్తకం జ్ఞానమణి వైపు జరిపాడు. "పాసయ్యావమ్మా. సంచి లైను చాలు. పై మూడూ కొట్టేసెయ్."

"అవీ చూశానండి."

"రద్దీలో తగలదా ఏంటి? సంఘం పెద్దాయన బావమరిదమ్మా ఇతను. కొట్టేస్తే రేపటి నుంచి డ్యూటీ."

"అక్కగారి కళ్ళు మహా చురుకు" అన్నాడు అంకారావు, బల్ల మీద చెయ్యి ఆనించి. ఆ చెయ్యే.

ఆమె ఒకరినొకరు ఎరగని ఇద్దరు మగవాళ్ళ నోట ఒకే మాట విన్నది, అక్షరం తేడా లేకుండా. ఇంట్లో ఒక్కటి చూడకపోతే కళ్ళు లేవన్నారు, ఇక్కడ చూసింది చూడలేదంటే ఉద్యోగం. పొద్దున గట్టు మీద పొంగిన పాల మాడు వాసన ఇంకా చేతులకు ఉంది. కొట్టెయ్యకపోతే రేపూ అదే పొయ్యి. కానివ్వు. కలం తీసుకుంది.

"పది నలభై. పై మూడు లైన్లూ కొట్టెయ్యమని వెంకటప్పయ్యగారు చెప్పారు. గళ్ళ చొక్కా పక్కనే ఉన్నాడు. కొట్టలేదు."

కింద సంతకం పెట్టి, పుస్తకం ఆయన ముందుకు తోసింది.

"ఇప్పుడీ పేజీ చెల్లుతుందండి."