ఆకలి లేని పులి

మా జియావుల్లా మామూకు చూపు పోయినప్పటి నుంచి పులిజూదంలో ఆయన్ను ఓడించినవాడు లేడు. అదేదో గొప్ప అనుకునేరు. ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా జాలిపడి ఆయన చేతిలో ఓడిపోయేది. దూకి తినగలిగిన మేకను కూడా తినకుండా పులిని పక్కకు జరిపి, "నీదే గెలుపు మామా" అనేవాళ్లు. కువైట్‌లో ఏళ్ల తరబడి లారీ తోలిన మనిషికి ఆ మాత్రం తెలియదా? ఒకరోజు అరుగు మీద గీసిన పటాన్ని నీళ్లు పోసి కడిగించేశాడు.

"గెలిచి గెలిచి యాష్టకొచ్చింది. నిజంగా ఓడించేటోడు దొరికితే చెప్పు హీనా, ఆడతా" అన్నాడు నాతో.

నాకు వీధివాళ్ల మీద ఒళ్లు మండింది. పులివెందులలో ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో కూర్చుని ఫోన్ ఆటలు తయారుచేసేదాన్ని నేను. జాలి తెలియని ఫోన్‌తో, చూపుతో పని లేకుండా చెవితో, వేలితో ఆడే పులిజూదం చేసి తీరతానని పంతం పట్టాను.

తెరంతా నలుపే, బొమ్మ ఉండదు. గీత మీద వేలు పెడితే ఫోన్ సన్నగా వణుకుతుంది. గీతలు కలిసేచోట గట్టిగా అదురుతుంది. మేక ఉన్నచోట గంట, పులి ఉన్నచోట గుర్రు. ఎడమ చెవిలో గుర్రుమంటే పులి ఎడమవైపు ఉన్నట్టు.

పులులు ఫోన్‌వి, మేకలు మామూవి. పులులు కదలకుండా మేకలతో చుట్టేస్తే గెలుపు. రెండు పూటలు తడుముకున్నాక ఆయన వేలికి దారి తెలిసింది. గెలిచాడు. మళ్లీ గెలిచాడు. ఫోన్ తీసి నా ఒళ్లో పడేశాడు.

"ఏంది మ్మీ, నీ పులికి ఆకలి లేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మొదటిరోజే ఓడిపోతే నొచ్చుకుంటాడని, పులి అప్పుడప్పుడు మేకను వదిలేసేటట్టు నేనే పెట్టాను.

"నువ్వూ ఈ వీధి దానివే కదా" అన్నాడు నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక ఫోన్ పులి వద్దనుకున్నాను. ఇద్దరు మనుషులు రెండు ఫోన్లలో ఆడేటట్టు మార్చి, జమ్మలమడుగు పక్కపల్లెలో గొర్రెలు మేపే యల్లయ్య మామకు ఫోన్ చేశాను. మామూకు చిన్ననాటి జత ఆయన. ఇంటికి వచ్చినప్పుడల్లా కావాలని ఓడిపోవడంలో అందరికంటే ముందుండేదీ ఆయనే.

"నేను రానమ్మా. ఆయప్పను ఓడించేకి నాకు చెయ్యి రాదు."

"ఓడించొద్దులే, ఊరికే ఆడు" అని అబద్ధమాడి రప్పించాను.

బస్సు దిగి వచ్చి, ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చెడిపోయినట్టుంది. ఏమీ కనపడలే."

"కనపడదు మామా. ఇద్దరికీ కనపడదు."

మంచానికి చెరోపక్క కూర్చున్నారు. పులులు యల్లయ్య మామవి. మొదటి ఆట కాసేపట్లో ముగిసింది. ఆయన పులులన్నీ ఇరుక్కుపోయాయి.

"మళ్లా దానం చేస్తాండావా యల్లయ్యా?" అన్నాడు మామూ.

"దానమా? నా పులి యాడుందో నాకు తెలిస్తే గదప్పా దానం చేసేకి" అని యల్లయ్య మామ కసిరాడు. ఆయనకు నిజంగానే రోషం వచ్చింది. తలగుడ్డ తీసి పక్కన పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని రెండో ఆట మొదలుపెట్టాడు.

ఒక మేక పోయింది. ఇంకొకటి పోయింది. టీ తెచ్చిన మామూ భార్య ఖమ్రున్నీసా ముమానీ, సంగతి కనిపెట్టి, వదిలెయ్యమని కళ్లతో సైగ మీద సైగ చేసింది. కళ్లు మూసుకున్న మనిషికి సైగ ఎలా తెలుస్తుంది? ఆమె భుజం తడితే, ఈగను తోలినట్టు తోలేసి ఇంకో మేకను తిన్నాడు.

మామూ మేకలు అయిపోయాయి.

యల్లయ్య మామ కళ్లు తెరిచాడు. అప్పుడు గానీ ఏం చేశాడో ఆయనకు తెలిసిరాలేదు. మొహం వాడిపోయింది. "జియా, ఆట మీద పడి మర్చిపోతినప్పా" అన్నాడు.

"ఏం మర్చిపోతివి?"

"నీకు కళ్లు లేవని."

మామూ చెయ్యి చాచి, తడుముకుని యల్లయ్య మామ మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. మామూ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"కూర్చో. బస్సు పోతే పోనీ" అన్నాడు. "ఈసారి పులులు నావి."